తాగినట్టు రాసి ఉంది

11 మార్చి

ఈ నోటుపుస్తకం డోర్టె కొనిచ్చింది. డోర్టె మా అన్నయ్య కూతురు. "ఏదో ఒకటి రాసుకుంటూ ఉండు అత్తా, పొద్దు పోతుంది," అంది. మంచి పిల్లే. కానీ నేను మంచాన పడ్డప్పటి నుంచి నాతో మూడేళ్ళ పాపతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. దానికే యాభై రెండేళ్ళు. దాని మోకాళ్ళ సంగతి నాకు తెలియదా?

పొద్దుపోక రాసేదాన్ని కాదు నేను. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ తీరంలో వృద్ధుల హోములన్నీ తనిఖీ చేశాను. ఎక్కడ ఎవరిని ఎలా చూసుకుంటున్నారో చూసి మార్కులు వేశాను. ఇప్పుడు తుంటి ఎముక విరిగి అలాంటి హోములోనే ఒక మంచం మీద పడి ఉన్నాను. మూడు వారాలు, అంతే. మా ఫ్లాటు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కే బలం రాగానే వెళ్ళిపోతాను. ఏప్రిల్ ఒకటి అని మాట.

ఈ హోముకి రెండుసార్లు నేనే మార్కులేశాను. రెండోసారి ఒకటి పాయింట్ ఒకటి. ఇక్కడ ఒకటే అన్నిటికన్నా పై మార్కు, దానికెంత దగ్గరగా ఉంటే అంత గొప్ప. బళ్ళో ఆ మార్కు తెచ్చుకున్న పిల్లకి ఇంట్లో కేకు చేసిపెడతారు. ఆ కాగితం ముందు హాల్లో ఇంకా ఫ్రేములోనే ఉంది, కింద నా సంతకంతో సహా. నన్ను చక్రాల కుర్చీలో దాని ముందు నుంచే తీసుకొచ్చారు. నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వే వచ్చింది.

12 మార్చి

గదిలో ఇద్దరం. కిటికీ వైపు మంచం గీస్కె పొప్పింగా గారిది. ఎనభై తొమ్మిదేళ్ళు. దీవులకి వెళ్ళే పడవల దగ్గర నలభై ఏళ్ళు టికెట్లు అమ్మారట. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది, మాట సగం పోయింది. మిగిలిన సగాన్ని మర్యాదకే వాడతారు. "చాలమ్మా." "ఎంత మంచిదానివి." బ్రెడ్డు పెట్టినా, మాత్ర మింగించినా, దుప్పటి లాగినా అవే మాటలు.

నాతో ఆ సగం కూడా ఎందుకులే అన్నట్టు ఊరికే నవ్వుతారు. నాకూ అదే హాయి.

14 మార్చి

చెయ్యి ఊరుకోదు కదా. ఇవాళ్టి నుంచి మార్కులు. ఊరికే, సరదాకి.

గంట నొక్కాక మనిషి రావడానికి పదకొండు నిమిషాలు. సూపు గోరువెచ్చన. దిండు గలీబు శుభ్రం. కిటికీ అరచెయ్యి పట్టేంత మాత్రమే తెరుచుకుంటుంది, అది నిబంధనే. మాటతీరు చాలా బాగుంది. ఉదయం పూట ఇన్సా అనే ఆవిడ వస్తుంది. నలభై ఎనిమిదేళ్ళ గట్టి మనిషి, ఈ ఊరిదే. ఇరవై రెండు మందికి ఒక్కతే.

"రేబైన్ గారూ, మీరలా కళ్ళతో మార్కులేస్తుంటే నా వీపు మండిపోతోంది," అంది ఇవాళ పక్క సర్దుతూ. "ఇంతకీ ఎంతొచ్చిందేమిటి నాకు?"

"ఇంకా వెయ్యలేదు."

"వేసేటప్పుడు కాస్త దయ చూపించండి. ఇంట్లో మా అత్తగారు ఇరవై ఏళ్ళ నుంచీ అట్టడుగు మార్కే వేస్తోంది."

నవ్వాను. ఇక్కడికొచ్చాక ఇంకో మనిషి మాటకి నవ్వడం ఇదే మొదటిసారి.

17 మార్చి

నడక బండి పట్టుకుని వరండా చివరిదాకా రెండుసార్లు నడిచాను. వ్యాయామం చేయించే అబ్బాయి భుజం తట్టాడు. ఎడమ కాలికి మేజోడు మాత్రం తొడుక్కోలేకపోతున్నాను. అదేం పెద్ద విషయం కాదు. ఎండలొస్తున్నాయి, మేజోళ్ళు లేకపోతే ఏం?

18 మార్చి

స్నానాల గదిలో కింద కూర్చున్నాను. పడ్డాను అనను. కాలు జారితే కూర్చున్నాను. గది వేడి చేసే గొట్టం పట్టుకుని లేవడానికి ముప్పావు గంట పట్టింది. గంట తాడు అందలేదు. అందినా లాగేదాన్ని కాదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే కాగితం ఎక్కుతుంది. తుంటి విరిగినప్పటిదాంతో కలిపి రెండుసార్లు పడ్డట్టు కాగితం ఎక్కిందంటే ఇక ఒంటరిగా ఉండనివ్వరు. నాకు తెలియదా? ఎన్ని ఇళ్ళ తాళాలు అలా వేయించలేదు నేను!

మోచెయ్యి నల్లబడింది. పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాను.

21 మార్చి

ఇవాళ ఒక సంగతి చూశాను.

ఇక్కడ ఒక్కో మంచం కాళ్ళ దగ్గర అట్టకి బిగించిన షీటు ఉంటుంది. ఆ మనిషి పొద్దుటి నుంచి ఎంత తాగిందీ అందులో రాయాలి. ముసలివాళ్ళకి దాహం తెలియదు, లోపల ఎండిపోయినా పైకి చెప్పరు, అందుకు. మధ్యాహ్నం ఒకటిన్నరకి ఇన్సా డ్యూటీ దిగుతుంది. దిగే ముందు ఇరవై రెండు మంచాలూ తిరిగి, నిలబడ్డ పళంగా షీట్లు నింపేస్తుంది. గీస్కె గారి షీటులో టీ 200 మిల్లీలీటర్లు, పళ్ళరసం 200, సూపు 150, మళ్ళీ టీ 200. సాయంత్రం, రాత్రి డ్యూటీల వాళ్ళు రాసేవి కలుపుకుంటే, మొత్తం 1350 అవుతుంది. రోజూ 1350.

గీస్కె గారి టీ కప్పు పొద్దున నిండుగా వచ్చింది, నిండుగానే పోయింది. నా కళ్ళారా చూశాను. ట్రే వెనక్కి వెళ్ళిందంటే తాగేసినట్టే అని లెక్క. ఇరవై రెండు మందిలో ఎవరి కప్పులో ఎంత మిగిలిందో తొంగి చూసే తీరిక ఆ ఒక్కదానికి ఎక్కడిది?

నేను కూడి చూస్తే ఆవిడ ఇవాళ తాగింది మహా అయితే 210.

నా రోజుల్లో నేను ఈ షీటే చూసేదాన్ని. గళ్ళన్నీ నిండాయా, సంతకం ఉందా అని. నా కింద కొత్తగా చేరిన వాళ్ళకి అదే నేర్పాను. కప్పులోకి ఎప్పుడూ చూడలేదు. చూడమని నాకెవరూ చెప్పలేదు.

నేనూ ఎవరికీ చెప్పలేదు.

22 మార్చి

గీస్కె గారు: 180. షీటు: 1350.

23 మార్చి

గీస్కె గారు: 240. షీటు: 1350.

24 మార్చి

గీస్కె గారు: 150. షీటు: 1400. షీటు మాత్రం పుంజుకుంది.

ఇన్సాతో చెప్పాలి. రేపు చెప్తాను. వెళ్ళేముందు గొడవలు పెట్టుకోవడం ఎందుకని కాదు. ఆవిడ మరీ పరుగుల మీద ఉంది, అందుకని.

26 మార్చి, ఆదివారం

డోర్టె వచ్చింది. మా ఇంటి టీ సామాను తెచ్చింది, కప్పులు, సాసర్లు, పాల గిన్నెతో సహా. ఎందుకే ఇవన్నీ మోసుకొచ్చావు అంటే, "ఇక్కడి కప్పులు బావుండవు కదత్తా," అని కిటికీ వైపు చూసింది. ఫ్లాసుకులో టీ కూడా తెచ్చింది. కప్పుకో పటికబెల్లం ముక్క, పైన ఒక చుక్క మీగడ, పద్ధతిగా పోసింది. గీస్కె గారికీ పోసింది.

గీస్కె గారు ఎడమ చేత్తో కప్పందుకుని గటగటా తాగేశారు. డోర్టె మళ్ళీ పోసింది. మళ్ళీ తాగారు. మూడో కప్పు కూడా తాగి, సాసర్లోంచి చెంచా తీసి కప్పులో పెట్టారు. "ఎంత మంచిదానివి," అన్నారు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది.

చెంచా! ఈ తీరంలో పుట్టినవాళ్ళు ఎవరింట్లో టీ తాగినా, ఇక చాలు అనడానికి నోరు విప్పరు. చెంచా కప్పులో పెడతారు. పెట్టేదాకా ఇంటావిడ పోస్తూనే ఉంటుంది. పెట్టాక పొయ్యదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇక్కడేమో ఈ మధ్య వంటింటి వాళ్ళు సాసర్లు మానేశారు, ట్రేలో చోటు చాలడం లేదని. చెంచా కప్పులోనే వేసి పంపుతున్నారు. గీస్కె గారి కంటికి అది తాగేసిన కప్పు. ఎవరో చాలనేసిన కప్పు. దాన్ని ముట్టుకోవడం ఆవిడ మర్యాదకి తగదు. అందుకే చేత్తో అంచుకి జరిపి "చాలమ్మా" అంటారు. అందరూ తాగేశారనుకుంటున్నారు.

నేను సముద్రానికి ఎక్కడో దూరాన ఉన్న కస్సెల్ నుంచి వచ్చినదాన్నే కావచ్చు. కానీ ముప్పై ఐదేళ్ళు ఈ ఊళ్ళోనే బతికాను. ఎన్ని హోముల్లో టీలు తాగి చెంచా కప్పులో పెట్టి లేచి వచ్చాను! ఒక మనిషి నా పక్క మంచం మీద రెండు వారాలుగా దాహంతో ఉంటే కనిపించలేదు. ఛీ, నా బతుకు.

ఇవాళ: 690.

28 మార్చి

రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. రాస్తున్నాను. ఇది నాకోసం.

పొద్దున ట్రే వచ్చింది. తెచ్చిన కొత్తపిల్ల దాన్ని పెట్టేసి వెళ్ళిపోయింది. గీస్కె గారి కప్పులో చెంచా నిలబడి ఉంది. ఎంతసేపని చూస్తాను? రెండడుగుల దూరమే కదా, తీసేద్దామని లేచాను. నడక బండి తలుపు దగ్గరుంది. రెండడుగులకి బండి ఎందుకులే అనుకున్నాను.

పడ్డాను. ఈసారి పడ్డాననే రాస్తున్నాను. తల మంచం కోడుకి తగిలింది.

గీస్కె గారు ఎప్పుడూ గంట నొక్కని మనిషి. నొక్కారు. ఎడమ బొటనవేలితో, ఆపకుండా.

ఇన్సా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అయ్యో, ఇదేం పని రేబైన్ గారూ! మీకేమైనా బుద్ధుందా అసలు?" అంటూ చంకల కింద చేతులేసి లేపింది. మంచం మీద కూర్చోబెట్టి, నుదురు చూసి, జేబులోంచి పడ్డవాళ్ళ ఫారం తీసింది.

"రాయకు ఇన్సా," అన్నాను.

"రాయకపోతే నా ఉద్యోగం పోతుంది."

"రాస్తే నా ఇల్లు పోతుంది."

ఆవిడ చేతిలో పెన్ను మూత తీసే ఉంది. నేను బతిమాలాను. నా జీవితంలో ఎవరినీ అలా బతిమాలలేదు. చేతులు పట్టుకున్నాను. చివరికి ఫారం మడిచి జేబులో పెట్టుకుంది. "నేనేం చూడలేదు," అంది కోపంగా. "ఇంకోసారి పడ్డారంటే మాత్రం నేనే మీ కాలు విరగ్గొడతాను."

అప్పుడు చెంచా సంగతి చెప్పాను. నుదురు కొట్టుకుంది. "నా బుర్ర తగలెయ్య! మా అమ్మమ్మ కూడా అచ్చం ఇంతే. చెంచా పడిందంటే రాజు వచ్చి పోసినా తాగేది కాదు." వెంటనే వెళ్ళి కొత్త టీ తెచ్చి, పక్కన కూర్చుని తాగించింది.

ఒకటిన్నరకి మంచాలు తిరుగుతూ షీట్లు నింపింది. గీస్కె గారి షీటు దగ్గర ఒక్కసారి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

29 మార్చి

740. షీటు: 1350.

30 మార్చి

820! ఇవాళ గీస్కె గారు నాతో మొదటిసారి మాట్లాడారు. కిటికీ బయట సముద్రపు కాకిని చూపించి, "దొంగ," అన్నారు.

షీటు గురించి ఇన్సాని ఇక ఏమీ అనను. చెంచా తీసేస్తోందిగా. అసలు సంగతి అదే కదా. రాతదేముంది?

1 ఏప్రిల్

ఇవాళ ఇంటికి పంపలేదు. ఇంకో రెండు వారాలట. పదిహేనో తారీఖు అన్నారు.

ఇన్సా ఈస్టర్ సెలవు మీద వెళ్ళింది, పధ్నాలుగున వస్తుంది. ఆవిడ బదులు కూలీకి మనుషుల్ని పంపే ఏజెన్సీ నుంచి రోజుకో మనిషి. రోజుకో పేరు. చెంచా గురించి పొద్దున్నే ఒకరికి చెప్పి ఒప్పించేసరికి సాయంత్రం ఇంకొకరు.

3 ఏప్రిల్

190. షీటు: 1350. చూసి రాసుకోవడానికి కూడా తీరిక లేదు, పై గడిలో ఉన్నది కింద గడిలో దించేస్తున్నారు.

4 ఏప్రిల్

160. షీటు: 1350.

5 ఏప్రిల్

నేను వ్యాయామానికి వెళ్ళిన అరగంటలోనే డాక్టరు వచ్చి పోయాడు. గీస్కె గారి కాళ్ళు వాచాయని ఒంట్లో నీరు లాగేసే మాత్ర రెట్టింపు చేశాడట. నేను ఏజెన్సీ అబ్బాయిని అడిగాను, ఇంత తక్కువ తాగే మనిషికి ఆ మాత్ర ఏమిటి అని.

"షీటు చూశారు కదండీ డాక్టరు గారు. బాగానే తాగుతున్నారన్నారు," అన్నాడు.

అబద్ధం రాసి ఊరుకుంటే ఒక రకం. ఆ అబద్ధం ఇప్పుడు మందులు రాస్తోంది.

7 ఏప్రిల్

టమ్మేనా గారిని పిలిపించాను. ఈ హోముకి పెద్ద ఆవిడే. నేను మార్కులేసే రోజుల్లో నాకు గుమ్మం దాకా ఎదురొచ్చేది. ఇవాళ నా మంచం పక్కన కూర్చుని నా చెయ్యి తట్టింది.

"గీస్కె గారు నీళ్ళు తాగడం లేదు," అన్నాను. "షీటులో ఉన్నది నిజం కాదు."

"షీటు నేను చూశానండీ. పదమూడు వందల యాభై. మీరు మాకు మార్కులేసినప్పుడు ఇంత పద్ధతిగా రాసే హోము ఇంకోటి లేదన్నారు, గుర్తుందా?"

"నేను కళ్ళారా చూస్తున్నాను టమ్మేనా గారూ."

"రేబైన్ గారూ, మీరు చాలా కాలం ఆ పని చేశారు. అలవాటు అంత తొందరగా పోదు. ఇప్పుడు మీరు విశ్రాంతి తీసుకోవాలి. పదిహేనున మీరు ఇంటికి వెళ్ళగలరా లేదా అని మేమంతా కూర్చుని చూస్తాం కదా. అప్పటిదాకా మనసు ప్రశాంతంగా ఉంచుకోండి. మీ మంచికే చెప్తున్నాను."

బెదిరించిందా? లేదు. ఒక్క గట్టి మాట కూడా అనలేదు. అదే భయంగా ఉంది.

ఇన్సా షీట్లు ఎలా నింపుతుందో చెబితే ఆవిడ నోరు మూతపడేది. చెప్పలేకపోయాను. ఇన్సాని పిలిచి అడిగితే ఆవిడ ఏ ఫారం రాయకుండా మడిచి జేబులో పెట్టుకుందో కూడా బయటికొస్తుంది. నేనే కట్టుకున్న తాడు ఇది, ఎటు లాగినా నా మెడకే బిగుస్తోంది.

8 ఏప్రిల్

వ్యాయామం అబ్బాయి నా ఫైలు మంచం మీద మర్చిపోయాడు. చదివాను. నిన్నటి తారీఖుతో రాసి ఉంది: "గది సహవాసి విషయంలో అనుమానాలు వ్యక్తం చేస్తున్నారు. సిబ్బందిపై అపనమ్మకం. మనసు స్థిమితంగా లేదు. మతిమరుపు పరీక్ష చేయించాలి."

నాలుగు ముక్కలు. ఇక నేనేం చెప్పినా, అదిగో ఆ నాలుగో ముక్క మాట్లాడుతోంది అంటారు. ఇలాంటి ముక్కలు నేనెన్ని వందలు చదివానో! చదివి, అవును అనుకుని, పేజీ తిప్పేశాను. వాళ్ళలో ఎంతమంది నిజం చెప్పారో.

10 ఏప్రిల్

డోర్టె వచ్చింది. ఈసారి నా చలికోటు, స్వెటర్లన్నీ తెచ్చి అలమరలో సర్దింది. ఏప్రిల్లో స్వెటర్లెందుకే అన్నాను. "గాలి చల్లగా ఉంటోంది కదత్తా." ఏమిటో ఈ పిల్ల.

గీస్కె గారి సంగతి చెప్పాను. అంతా విని, నా చొక్కా కాలరు సరిచేసింది.

"అత్తా, నువ్వు రిటైరయ్యావు."

"అయితే? కళ్ళు కూడా రిటైరయ్యాయా?"

"అది కాదు. నువ్విక్కడ వీళ్ళతోనే ఉండాలి కదా. మంచిగా ఉండు. వీళ్ళతో గొడవ పెట్టుకుని నువ్వెక్కడికి వెళ్తావు?"

ఇంటికి వెళ్తానని చెప్పాను. పదిహేనున. డోర్టె వెళ్ళేటప్పుడు నన్ను గట్టిగా వాటేసుకుంది.

12 ఏప్రిల్

90. షీటు: 1350.

గీస్కె గారు నిద్రలోనే ఉంటున్నారు. ఇప్పుడు చెంచా తీసినా లాభం లేదు, ఎవరో ఒకరు కూర్చుని గుక్క గుక్కగా పట్టాలి. అంత తీరిక ఎవరికీ లేదు. ఒక్కసారి కళ్ళు తెరిచారు. నాలుక ఎండిపోయి పైన అట్ట కట్టింది. ఏదో అన్నారు, వినపడలేదు. నేను బండి పట్టుకుని వెళ్ళి తడి గుడ్డతో పెదాలు ఒత్తాను. కప్పు నోటికి పట్టబోయి ఆవిడ మీదంతా పోసేశాను. ఏజెన్సీ పిల్ల వచ్చి, "మీరు లేవకూడదండీ, మీ ఫైల్లో ఉంది," అని నన్ను మంచం ఎక్కించి, పక్కనున్న ఊచలు పైకెత్తి బిగించింది. బండి వరండాలో పెట్టేసింది.

గంట నొక్కి డాక్టరుని పిలవమన్నాను. నాలుగుసార్లు నొక్కాను. అయిదోసారి, "రాసుకున్నామండీ," అన్నారు.

13 ఏప్రిల్

హోమంతా ఒకటే హడావుడి. రేపు తనిఖీ. ఒక్క రోజు ముందు చెప్తారు, నేనున్నప్పుడూ అంతే. వరండాలో పూలకుండీలు పెట్టారు. ఎవరో షీట్లన్నీ పట్టుకుని ఖాళీ గళ్ళు వెతుకుతున్నారు.

తనిఖీకి వచ్చేది హెనింగ్ అట. హెనింగ్! నా దగ్గరే పని నేర్చుకున్నాడు. దేవుడున్నాడు.

14 ఏప్రిల్, పొద్దున

హెనింగ్ వచ్చాడు. జుట్టు పల్చబడింది. "రేబైన్ మేడమ్! మీరిక్కడా!" అని నిలబడిపోయాడు. అడుగు వెనక ఇన్సా, సెలవు నుంచి ఇవాళే వచ్చింది. ఆవిడ గీస్కె గారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడని బయటికి పంపేసి హెనింగ్‌కి అంతా చెప్పాను. చెంచా, షీటు, మాత్ర, నిద్ర.

అడ్డు రాకుండా విన్నాడు. మంచం దగ్గరికి వెళ్ళాడు. షీటు తిప్పి చూశాడు, ఒక్క గడి ఖాళీ లేదు.

"ఎవరెవరిని చూడాలో లాటరీ తీస్తే తొమ్మిది మంది పేర్లొచ్చాయి మేడమ్. ఈవిడ పేరు లేదు. లేని మనిషిని చూడాలంటే నాకు కారణం కావాలి."

"కారణం మంచం మీద పడుకుని ఉంది. పెదాలు చూడు!"

"చూస్తున్నాను. కానీ నేను చూసింది ఒక్క నిమిషం. షీటు మూడు వారాలు చెప్తోంది. టమ్మేనా గారు మీ ఫైలు కూడా చూపించారు." ఇక్కడ తల దించుకున్నాడు. "హోములో ఉన్న మనిషి నోటిమాట, సంతకం పెట్టిన రాతకి ఎదురు నిలబడదు. మీరే నేర్పారు కదా మేడమ్."

"నా దగ్గరా రాత ఉంది," అన్నాను.

తొందరపడ్డాను. నోట్లోంచి వచ్చేశాక గానీ ఏమన్నానో తెలియలేదు.

వాడి మొహం వెలిగింది. "రోజువారీగానా? తారీఖులతోనా? అయితే ఇప్పుడే డాక్టరుని పిలిపిస్తాను, ఆవిడ కేసు తెరుస్తాను. ఇవ్వండి."

"నీళ్ళ లెక్కలున్న పేజీలు చింపి ఇస్తాను."

"చింపినవి చెల్లవు మేడమ్. మధ్యలో ఏం తీసేశారని అడుగుతారు. పుస్తకం మొత్తం కావాలి." గడియారం చూసుకున్నాడు. "పక్క గదిలో ఒకరిని చూసి పావుగంటలో వస్తాను. ఆలోచించుకోండి."

14 ఏప్రిల్, పావుగంట

పుస్తకం మొత్తం. నేను మార్చి 18న ఎక్కడ కూర్చున్నానో, 28న ఎక్కడ పడ్డానో, ఎవరి చేతులు పట్టుకుని బతిమాలానో, అన్నీ ఇందులోనే ఉన్నాయి. రేపే పదిహేను. ఇవాళ ఈ పుస్తకం తలగడ కింద దాచేస్తే రేపు నాకు ఇల్లు ఉందేమో.

ఇన్సా మళ్ళీ వచ్చింది. గీస్కె గారి చెయ్యి పట్టుకుని, రంగు తిరిగొస్తుందేమోనని గోరు నొక్కి చూసింది. ఏడుస్తోంది. "నేనుంటే ఇలా అయ్యేది కాదు," అంది. తర్వాత నా ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని చూసింది. అందులో ఏముందో అడగలేదు. తెలుసని నాకు తెలుసు. "ఇచ్చెయ్యండి రేబైన్ గారూ," అని వెళ్ళిపోయింది.

ఇన్సా, ఇది నువ్వు చదవవు, అయినా రాస్తున్నాను. నన్ను క్షమించు. ఇరవై రెండు మందికి ఒక్కదాన్నే పెట్టిన వాళ్ళకి ఒకటి పాయింట్ ఒకటి వేసింది నేను. నీకు తీరిక లేకుండా చేసినదాంట్లో నా సంతకం కూడా ఉంది.

డోర్టె, ఆ టీ సామాను, చలికోటు చూసి కూడా తెలియనట్టున్నాను, కానీ ఫ్లాటు ఇచ్చేశావని నాకు తెలుసు. నువ్వు చెప్పలేకపోయావు, నేను అడగలేకపోయాను. నీ మీద కోపం లేదు. చాలా ఏడుపొస్తోంది, అంతే.

వరండాలో హెనింగ్ అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

హెనింగ్, ఇందులో ఉన్నదంతా నిజం. నీళ్ళ లెక్కలు నిజం. రెండుసార్లు పడడమూ నిజం. మొదటిసారి కూర్చున్నానని రాశాను, అదొక్కటే అబద్ధం. నేను ఒంటరిగా ఉండలేను. మేజోడు తొడుక్కోలేను. అదీ రాసుకో. పడింది దాచింది నేను, దాచమన్నదీ నేనే. ఇన్సా పేరు పక్కన అది కూడా రాయి.

ఇదంతా చదవడానికి నీకు గంట పడుతుంది. గంట చాలా ఎక్కువ. ముందు ఆవిడ తల ఎత్తి పట్టుకుని, గుక్క గుక్కగా నీళ్ళు తాగించు. తర్వాత చదువు.